మంచు నెలల్లో మోటారుసైకిల్ బ్యాటరీ: బ్యాటరీ టెండర్ జూనియర్‌తో మూడు శీతాకాలాలు

మినియాపొలిస్ శివారులో మోటారుసైకిల్ నడపగలిగేది ఏడాదికి ఏడు నెలలు మాత్రమే. నవంబరులో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలైన తర్వాత బండిని గ్యారేజీలో నిలబెట్టి గుడ్డ కప్పితే, ఏప్రిల్ వానలు ఆ ఉప్పును కడిగేసేదాకా బయటికి తీసే వీలుండదు. ఆ అయిదు నెలల్లో ఇంజిన్ గురించి అంతగా దిగులు పడనక్కరలేదు. ఆయిల్ మార్చి, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి ట్యాంకు నిండా పోయిస్తే సరిపోతుంది. చూస్తూ ఉండగానే చచ్చిపోయేది బ్యాటరీ ఒక్కటే. దానిని బతికించుకోవడానికి నేను వాడుతున్న చిన్న ఛార్జర్ పేరు బ్యాటరీ టెండర్ జూనియర్. ఇక్కడ టెండర్ అంటే కనిపెట్టుకుని ఉండేది అని అర్థం. మూడు శీతాకాలాలు వాడిన తర్వాత దాని గురించి నమ్మకంగా చెప్పగలననిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. అమెరికాలో ఇంటర్‌సెప్టర్ అన్న పేరు హోండా వారిది కనుక ఇక్కడ దీనిని ఐఎన్‌టీ 650 అని అమ్ముతారు. దీనికి 12 వోల్టుల, 12 ఆంపియర్-అవర్ల (బ్యాటరీ ఎంత ఛార్జ్ నిల్వ ఉంచుకోగలదో చెప్పే కొలత) సీల్డ్ బ్యాటరీ ఉంటుంది, కిక్ ఉండదు. ఈ రెండో సంగతిని గుంటూరులో పాత బుల్లెట్ మీద బండి నేర్చుకున్న నేను మొదట్లో తేలికగా తీసుకున్నాను. అక్కడ బ్యాటరీ దిగిపోతే కిక్ కొట్టేవాళ్ళం, కాకపోతే ఇద్దరు స్నేహితులు వెనక నుంచి తోస్తే రెండో గేరులో క్లచ్ వదిలేవాళ్ళం. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఆ ఉపాయం పని చేయదు, ఎందుకంటే పెట్రోలు పంపుకూ ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కూ కరెంటు కావాలి, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ ఆ మాత్రం కూడా ఇవ్వలేదు.

మొదటి శీతాకాలంలో నేను చేసిన తప్పు చెప్పకపోతే ఈ పరికరం విలువ అర్థం కాదు. ఒక దుకాణంలో అతి చౌకగా దొరికిన ట్రికిల్ ఛార్జర్ కొని, "నెమ్మదిగా ఎక్కుతూ ఉంటుంది, మరేం పరవాలేదు" అన్న మాట నమ్మి డిసెంబరు నుంచి మార్చి దాకా తగిలించి ఉంచాను. ఎక్కించడమే తప్ప ఆపడం తెలియని యంత్రం అది. నిండిన బ్యాటరీలోకి ఇంకా కరెంటు తోస్తూ ఉంటే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోసుకునే పాత రకం బ్యాటరీలలో ఆ నష్టాన్ని పూడ్చుకోవచ్చు కానీ, సీల్డ్ బ్యాటరీలో ఎండిపోయిన నీటిని తిరిగి నింపే దారి లేదు. మార్చి చివర సీటు తీసి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, పెట్టెలోంచి బయటికి లాగడానికే అరగంట పట్టింది. ఆ రోజే కొత్త బ్యాటరీతో పాటు ఈ టెండర్ కూడా కొన్నాను. నేను కొన్నప్పుడు దాని ధర సుమారు 40 డాలర్లు, బ్యాటరీకి పెట్టిన దానిలో సగం కన్నా తక్కువ.

చలి బ్యాటరీని చంపుతుందని అందరూ అంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అసలు సంగతి కొంచెం వేరు. చల్లగా ఉన్నప్పుడు లోపలి రసాయన చర్యలు మందగిస్తాయి కనుక, ఏ తీగా తగిలించని బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం వేసవిలో కన్నా శీతాకాలంలోనే తక్కువ. చలి చేసే అపకారం రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది, ఆ మందగింపు వల్లనే బ్యాటరీ ఒక్కసారిగా ఇవ్వగల శక్తి తగ్గుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర మామూలు సామర్థ్యంలో ఇంచుమించు సగమే చేతికొస్తుంది, అదే సమయంలో చిక్కబడిన ఆయిల్ వల్ల ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. రెండోది గడ్డకట్టడం. బ్యాటరీ నిండా ఛార్జ్ అయి ఉన్నప్పుడు లోపలి ద్రవంలో గంధకికామ్లం దండిగా ఉంటుంది కనుక అది మైనస్ 50 డిగ్రీలు దాటినా గడ్డకట్టదు. బ్యాటరీ దిగిపోతున్న కొద్దీ ఆ ఆమ్లం సీసపు పలకలలోకి చేరి, మిగిలిన ద్రవం నీటిలా పలచబడుతుంది. పూర్తిగా దిగిన బ్యాటరీ మైనస్ 7, 8 డిగ్రీల దగ్గరే గడ్డకట్టవచ్చు. మంచు కట్టిన నీరు వ్యాకోచించి పలకలను వంచుతుంది, పెట్టెను పగలగొడుతుంది. 2019 జనవరి చివరి రోజుల్లో ఈ ఊరు మైనస్ 30 దాటిన చలి చూసింది. అలాంటి రాత్రి నిండిన బ్యాటరీకి ఏ హానీ జరగదు, దిగిన బ్యాటరీ తెల్లవారేసరికి పనికిరాకుండా పోతుంది.

చలిలో దానంతట అది దిగకపోతే మరి దించేది ఏమిటి? తాళం తీసేసినా బండిలో మేలుకుని ఉండే చిన్న చిన్న భాగాలే. నా బండికి దొంగతనం భయంతో బిగించిన ట్రాకర్ ఒకటి ఉంది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి మధ్యలో మల్టీమీటర్ (కరెంటు, వోల్టులు కొలిచే సాధనం) పెట్టి కొలిస్తే, బండి మొత్తం మీద 3 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నట్టు తేలింది. వినడానికి లెక్కలోకి రాని అంకె. కానీ రోజుకు 24 గంటల చొప్పున నెలకు 2 ఆంపియర్-అవర్లకు పైగా, అయిదు నెలలకు దాదాపు 11 ఆంపియర్-అవర్లు అవుతుంది. ఉన్నదే 12. పైగా సగం దిగిన స్థితిలో వారాల తరబడి ఉంచిన బ్యాటరీలో, పలకల మీద పేరుకున్న లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా తిరిగి కరగదు. కనుక మార్చిలో తీరిగ్గా ఛార్జింగ్ పెట్టుకోవచ్చు అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు. నవంబరులో నింపి, నిండుగానే ఏప్రిల్ దాకా ఉంచాలి.

టెండర్ జూనియర్ చేసే పని అదే. దీని గరిష్ఠ కరెంటు 0.75 ఆంపియర్లు. మొదట ఆ కరెంటును నిలకడగా ఎక్కిస్తుంది, వోల్టేజీ 14.4 దాకా చేరాక అక్కడ నిలిపి బ్యాటరీ తీసుకున్నంత ఇస్తుంది, బ్యాటరీ ఇక చాలనే స్థితికి వచ్చినప్పుడు 13.2 వోల్టులకు దిగి, లోపల ఎంత తరిగితే అంత మాత్రమే భర్తీ చేస్తూ ఉండిపోతుంది. 13.2 అన్నది నీటిని విడగొట్టేంత ఎక్కువ కాదు, సల్ఫేట్ గట్టిపడేంత తక్కువా కాదు. నా మొదటి ఛార్జర్‌కు తెలియని విద్య ఇది. ఎర్ర దీపం నిలకడగా వెలిగితే ఎక్కుతోందని, ఆకుపచ్చ మిణుకుమిణుకుమంటే 80 శాతం దాటిందని, ఆకుపచ్చ నిలకడగా ఉంటే నిండిందని అర్థం. గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి ఒక్క చూపు చూస్తే సరిపోతుంది, ఒక్క మీట కూడా నొక్కనక్కరలేదు. మా ఇంట్లో నేను ఊళ్ళో లేనప్పుడు మా అమ్మాయి కూడా ఫోనులో "పచ్చగానే ఉంది నాన్నా" అని చెప్పగలుగుతుంది.

బిగించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సౌకర్యమంతా అందులోనే ఉంది. పెట్టెలో రెండు రకాల తీగలు వస్తాయి: ఒకటి చిమటా లాంటి క్లిప్పులున్నది, రెండోది బ్యాటరీ టెర్మినళ్ళకు శాశ్వతంగా బిగించే ఉంగరాలున్నది. రెండోదాన్నే వాడండి. ఒకసారి సీటు తీసి, ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పి, ఉంగరాలు కలిపి, ఈసారి ముందు ప్లస్, చివర మైనస్ బిగిస్తే పని అయిపోతుంది. ఆ వరస ఎందుకంటే, మైనస్ బండి చట్రానికి కలిసి ఉంటుంది. అది ఇంకా ఉండగా ప్లస్ బోల్టు విప్పుతూ పానా చట్రానికి తగిలిస్తే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. తీగ మధ్యలో ఫ్యూజు ఉంది, దాన్ని చేతికి అందే చోట ఉండేలా చూసుకోవాలి. నేను తీగ చివరి ప్లగ్గును సీటు కింద నుంచి ఎడమ పక్కకు తీసి, రబ్బరు మూత పెట్టి, చట్రానికి కట్టాను. ఇప్పుడు నవంబరులో సీటు తీసే పని కూడా లేదు, మూత తీసి ప్లగ్గు కలిపితే చాలు. తీగ ఇంజిన్‌కు, సైలెన్సర్ గొట్టానికి తగలకుండా, హ్యాండిల్ తిప్పినప్పుడు నలగకుండా ఉండాలి.

ఇక దీని పరిమితులు. 0.75 ఆంపియర్లంటే, ఖాళీగా ఉన్న నా బ్యాటరీ నిండడానికి లెక్క ప్రకారమే 16 గంటలు, నిజానికి చివరి భాగం నెమ్మదిగా ఎక్కుతుంది కనుక ఇంకా ఎక్కువ పడుతుంది. ఆదివారం పొద్దున్నే బ్యాటరీ దిగిందని తెలిసి మధ్యాహ్నానికి బయలుదేరాలనుకునే వారికి ఇది పనికిరాదు. అంతకన్నా ముఖ్యమైనది, బ్యాటరీలో కనీసం 3 వోల్టులు లేకపోతే ఇది దానిని గుర్తించదు, ఛార్జింగ్ మొదలుపెట్టదు. తీగలు తారుమారైనప్పుడు మంట రాకుండా కాపాడేదీ ఆ జాగ్రత్తే కనుక నేను దానిని లోపమని అనను, కానీ పూర్తిగా చచ్చిన బ్యాటరీని లేపాలనుకునే వారు వేరే పరికరం చూసుకోవాలి. బెల్జియం వారి ఆప్టిమేట్ 4 అటువంటి పనికి పేరు పొందింది, ధర కూడా ఎక్కువే. ఒహాయోకు చెందిన నోకో సంస్థ జీనియస్ 1 అనేది 1 ఆంపియరుతో 6, 12 వోల్టుల రెండు రకాల బ్యాటరీలకూ, లిథియానికీ పనికొస్తుంది. ఇంట్లో పాత 6 వోల్టుల బండి కూడా ఉన్నవారికి అదే మేలు. నాకున్నది ఒకే బండి, కావలసింది ఒకే పని. అందుకే జూనియర్‌తో తృప్తిగా ఉన్నాను.

లిథియం బ్యాటరీ బిగించుకున్న వారికి ఒక హెచ్చరిక. నా దగ్గరున్న రకం సీసం బ్యాటరీలకు మాత్రమే. లిథియానికి మార్చుకునే వీలున్న రకాన్ని అదే సంస్థ విడిగా అమ్ముతుంది. ఛార్జర్ సరైనదే అయినా, సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదు. లోహపు లిథియం పలక మీద పూతలా పేరుకుని బ్యాటరీని శాశ్వతంగా పాడు చేస్తుంది. వేడి లేని గ్యారేజీ అయితే ఆ బ్యాటరీని విప్పి ఇంట్లోకి తెచ్చుకోవడమే మార్గం.

అపార్ట్‌మెంట్లలో ఉంటూ పార్కింగులో సాకెట్టు లేని మనవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారు కూడా బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టుకుని ఈ ఛార్జర్‌నే క్లిప్పులతో వాడుకోవచ్చు. గాలి ఆడే చోట, పొయ్యికి, దేవుడి దగ్గర దీపానికి దూరంగా ఉంచాలి. ట్రాకర్ తగిలి ఉండదు కనుక ఆ పరిస్థితిలో ఎప్పుడూ తగిలించి ఉంచవలసిన అవసరం కూడా లేదు, నెలకు ఒక రాత్రి చాలు. వారానికోసారి బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి ఉంచితే సరిపోతుందని కొందరు చెబుతారు. ఆ సలహా పాటించవద్దు. గడ్డకట్టే చలిలో ఒక్కసారి సెల్ఫ్ కొడితే పోయే ఛార్జ్‌ను, నిలబడి తిరిగే ఇంజిన్ పది నిమిషాల్లో తిరిగి ఇవ్వలేదు. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపడం వల్ల ఆయిల్‌లో, సైలెన్సర్‌లో నీటి చెమ్మ మిగిలిపోతుంది.

ఊళ్ళో నాన్నగారి బండి నెలల తరబడి కదలక బ్యాటరీ దిగిపోతోందని, వచ్చేటప్పుడు ఇలాంటిది ఒకటి తెమ్మని అడిగేవారు ఉంటారు. అమెరికాలో మామూలుగా అమ్మేది ఇక్కడి 120 వోల్టుల సాకెట్టుకు తయారైనది. దానిని మన 230 వోల్టుల సాకెట్టుకు తగిలిస్తే కాలిపోతుంది. వెనక ముద్రించిన అంకెల్లో 100 నుంచి 240 దాకా అని ఉన్న రకాన్ని అడిగి కొనండి, లేదా అక్కడే అక్కడి సాకెట్టుకు సరిపడేది కొనిపించండి.

ఈ ఏప్రిల్ మొదటి ఆదివారం ప్లగ్గు విప్పి, ఒక రాత్రి అలాగే వదిలి, మర్నాడు పొద్దున మల్టీమీటర్ పెట్టి చూస్తే 12.8 వోల్టులు చూపించింది. నవంబరులో కట్టినప్పుడు కాగితం మీద రాసుకున్న అంకె కూడా అదే. మూడేళ్ళ క్రితం కొన్న బ్యాటరీతోనే బండి మొదటి నొక్కుకే స్టార్ట్ అయింది.