గోరింట కంచె మొక్కలు: మేడ్చల్ వైపు నర్సరీ

మొక్కలకు 5 స్టార్లు, పంపిన తీరుకు 2.

ముందువైపు గోరింట కంచె వేద్దామని ఇక్కడికి వెళ్లాను. కవరు మొక్కలతో పాటు మడిలోంచి పీకిన నారు కూడా కట్టలు కట్టి అమ్ముతారు. మట్టి ఉండదు, వేళ్లన్నీ బయటికే. కవరు మొక్క 30 రూపాయలైతే ఇది 8. చలిదేశాల్లో ఇలాంటివి చెట్లు ఆకు రాల్చి నిద్రపోయే శీతాకాలంలో నాటుతారు. మనకు ఆ చలి ఎక్కడిది, ముసురు పట్టిన రోజులే దిక్కు.

నాకు నచ్చింది ధర ఒక్కటే కాదు. కవర్లో వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుపోయినా కొనేటప్పుడు కనపడదు. ఇక్కడ వేరు చూసి కొంటాం. వాక్కాయ కూడా అడిగాను, అది మాత్రం కవరుదే తీసుకోమన్నారు.

ట్రాలీ ఆటోలో పైన పట్టా కూడా కప్పకుండా పంపారు. దారిలో ఎండ కాసింది. పైకట్టలో పీచువేళ్లు పెళుసెక్కాయి, కాండం గోరుతో గీరితే ఆకుపచ్చ లేదు. ఫోన్ చేస్తే "వానలే కద సార్, ఏం కాదు" అన్నారు. ఫొటోలు పెట్టాక కట్ట మార్చారు, ఆటో కిరాయి మాత్రం నాదే.

నాటే మనిషిని వాళ్లే పంపారు, పనిమంతుడు. గుంటలు కాకుండా పొడుగునా కాలువ తీశాడు. మాది మొరం నేల, గడ్డపారతో కాలువ అడుగుభాగం గుల్ల చేశాడు. వేళ్లను పేడ, ఎర్రమట్టి కలిపిన బురదలో ముంచి, అడుగు దూరంలో రెండు వరుసలు, ఒకదాని సందులోకి ఇంకోటి వచ్చేలా పెట్టాడు. మడిలో ఎంతవరకు మట్టిలో ఉందో కాండం మీద రంగు తేడా తెలుస్తుంది. అక్కడిదాకే పూడ్చి మడమతో తొక్కాడు. మా ఆవిడ డీఏపీ వెయ్యమంటే "ఇప్పుడొద్దమ్మా, కొత్త వేళ్లు కాలుతయ్" అన్నాడు. ఆఖర్న కత్తెర తీసి జానెడు వదిలి అన్నీ నరికేశాడు! ప్రాణం ఉసూరుమంది కానీ, కంచె మొదట్నుంచే గుబురెక్కాలంటే తప్పదు. ఆషాఢం మొదట్లో గోల్కొండ బోనాలప్పుడు నాటితే ఆ నెల చివర్లో లాల్ దర్వాజా బోనాలకల్లా చిగుళ్లు పడ్డాయి. ఆషాఢం గోరింటాకు మాత్రం ఈ ఏడు పక్కింటిదే.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లి, కళ్లముందు పీకించుకోండి. తడి గోనెసంచి మీరే పట్టుకెళ్లి, వేళ్లు చుట్టి కారు డిక్కీలో తెచ్చుకోండి. నీడలో కట్టిపెట్టిన పాత కట్టలు అంటగట్టబోతారు, వద్దనండి.