గ్రబ్ రెస్క్యూ దగ్గర ఆగిపోయిన లాప్‌టాప్: ఫార్మాట్ కొట్టించాలా, బాగుచేసుకోవాలా?

మొన్న శనివారం మా మేనల్లుడు నరసాపురం రేవులో పంటెక్కి గోదావరి దాటి, సఖినేటిపల్లిలో దిగి రాజోలు వచ్చాడు. వస్తూనే బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి నా ముందు పెట్టాడు. ఆన్ చేస్తే నల్లటి తెర, దాని మీద "ఎర్రర్: నో సచ్ పార్టిషన్" అని ఒక లైను, కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఇంకో లైను. వాడి మెషిన్‌లో విండోస్‌తో పాటు లినక్స్ రకమైన ఉబుంటు కూడా ఉంది. ఆన్ చేయగానే రెండిట్లో ఏది కావాలో అడిగే చిన్న ప్రోగ్రామే గ్రబ్. ఇప్పుడు విండోస్ రాదు, ఉబుంటు రాదు.

"మావయ్యా, ఉబుంటుకి చోటు చాలట్లేదని విండోస్‌లోకెళ్లి ‘ఇ’ డ్రైవ్ డిలీట్ చేశాను. అందులోవన్నీ ముందే ‘డి’లోకి కాపీ చేసుకున్నాను. రీస్టార్ట్ చేస్తే ఇలా అయింది" అన్నాడు.

వాడి టెన్షన్ ఎందుకో నాకు తెలుసు. ఆ ‘డి’ డ్రైవ్‌లో వాడి ప్రాజెక్టుతో పాటు మా బావగారి రొయ్యల చెరువుల లెక్కలున్నాయి. మూడేళ్ల మేత ఖర్చు, లీజు, ఏరియేటర్ల కరెంటు బిల్లులు, ఏ పట్టుబడిలో ఏ కౌంటు ఎంతకు పోయిందీ, అన్నీ. ఇంకెక్కడా కాపీ లేదు. భీమవరంలో ఒక షాపులో చూపిస్తే "ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తాం, సాయంత్రం రండి" అన్నారట. వాడు ఇవ్వకుండా తెచ్చేసుకున్నాడు. చాలా మంచి పని చేశాడు.

ఇలాంటప్పుడు మన ముందు నాలుగు దారులుంటాయి. అంతా తుడిచి కొత్తగా ఎక్కించడం, విండోస్ రిపేరు ఆదేశాలు వాడటం, లైవ్ పెన్‌డ్రైవ్ (డిస్క్‌లో ఎక్కించకుండానే ఉబుంటుని నడిపించేది) పెట్టి బూట్ రిపేర్ అనే ప్రోగ్రామ్ నడపడం, ఆ నల్ల తెర మీదే చేత్తో ఆదేశాలు కొట్టి లేపడం. ఏది మేలో తేల్చడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ పని డిస్క్ మీద ఏం రాస్తుంది? ఎంత తక్కువ రాస్తే దాన్ని అంత ముందు ప్రయత్నించాలి.

అసలు పాడైందేమిటో చూద్దాం. డిస్క్‌ని విడగొట్టిన భాగాలే పార్టిషన్లు. వాడిది పాత లాప్‌టాప్, పార్టిషన్ల పట్టికని పాత ఎంబీఆర్ పద్ధతిలో రాసుకున్న డిస్క్. ఆ పద్ధతిలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించి కుదరవు. అందుకని వాటిలో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా చేసి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు పెడతారు. లినక్స్ లెక్కలో వీటి నంబర్లు 5 నుంచి మొదలవుతాయి. వాడి ‘ఇ’ డ్రైవ్ 5, ఉబుంటు 6. అయిదోది తీసేయగానే ఆరోది కాస్తా అయిదోదైంది. గ్రబ్ మాత్రం పాత నంబరే గుర్తుపెట్టుకుని 6 కోసం వెతికింది. అది కనపడక అక్కడే ఆగిపోయింది. మెషిన్ ఆన్ కాగానే డిస్క్ నుంచి ముందు నడిచేది గ్రబ్బే కాబట్టి విండోస్‌కి కూడా దారి మూసుకుపోయింది. మన వైపు అన్నదమ్ములు పొలం పంచుకుంటే సర్వే నంబరు సబ్ డివిజన్ మారుతుంది చూడండి, ఇదీ అంతే. కాగితంలో నంబరు మారింది గానీ చేను ఉన్నచోటే ఉంది, అందులో పైరూ ఉంది.

ఇది అర్థమైతే ఫార్మాట్ ఎంత తప్పు మందో తెలిసిపోతుంది. నంబరు తప్పు పడిందని చేను మొత్తం దున్నేయడం అది. డిస్క్ భౌతికంగా పాడైపోయి కొత్తది వేస్తే సరే, వైరస్ పట్టి ఏమీ మిగలకపోతే సరే. బూట్ కావట్లేదన్న ఒక్క కారణానికి ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. షాపులో ఇవ్వాల్సే వస్తే "డేటా బయటికి తీశాకే చేయి పెట్టండి" అని ముందే గట్టిగా చెప్పండి.

విండోస్ రిపేరు దారి చూడటానికి తేలిక. విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ ఆదేశానికి ఫిక్స్ఎంబీఆర్ జోడించి కొడితే మొదటి సెక్టార్లో గ్రబ్ ఉన్నచోట విండోస్ తన బూట్ కోడ్ రాసుకుంటుంది. పార్టిషన్ల పట్టిక జోలికి పోదు. విండోస్ మామూలుగా వస్తుంది. ఉబుంటు చెరిగిపోదు, కానీ దానిలోకి వెళ్లే తలుపు ఉండదు. లినక్స్ ఇక వద్దనుకున్నవాళ్లకి ఇదే మంచిది. రెండూ కావాలనుకునేవాళ్లు ఇది చేస్తే, గ్రబ్ పని మళ్లీ మొదటి నుంచి ఎలాగూ చేయాలి. మావాడికి ఉబుంటు లేకపోతే కాలేజీ పని సాగదు, కాబట్టి దీన్ని పక్కన పెట్టాం.

బూట్ రిపేర్ గురించి నాకు మంచి అభిప్రాయమే ఉంది. ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టి "ట్రై ఉబుంటు"లోకి వెళ్లి, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, "రికమెండెడ్ రిపేర్" నొక్కితే చాలాసార్లు అదే చక్కబెడుతుంది. ఆదేశాలంటే భయపడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. రెండు ఇబ్బందులున్నాయి. దానికి నెట్ కావాలి, లంక గ్రామాల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ డౌన్‌లోడ్ ఓపికకి పరీక్ష. రెండోది, అది ఏమేం మారుస్తుందో మనకి పూర్తిగా కనపడదు. మార్పులేవీ చేయకుండా రిపోర్టు మాత్రమే తయారుచేసే వీలు కూడా అందులో ఉంది. ముందు అది తీసి చదువుకుంటే మంచిది.

దీనికన్నా ముందు నేను ఎప్పుడూ చేసేది ఇంకొకటుంది. అదే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, ‘డి’ డ్రైవ్ తెరిచి, కావలసినవి బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా, మళ్లీ త్వరగా లేచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరవవచ్చు. మనకి కావలసిందీ అదే. బావగారి లెక్కల ఫైలు కాపీ అయి, తెరుచుకుని, అంకెలు కనపడేవరకూ మేం ఇంకే మీటా నొక్కలేదు.

ఇక నాలుగో దారి, మేం పట్టింది. గ్రబ్ రెస్క్యూ దగ్గర ఎల్‌ఎస్ అని కొడితే అది చూడగలిగిన పార్టిషన్ల పేర్లు వస్తాయి. ఒక్కోదాన్నీ ఎల్‌ఎస్‌తో కలిపి, చివర ఒక స్లాష్ పెట్టి కొడుతూ పోవాలి. కొన్నిటికి "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అంటుంది, కంగారు పడకూడదు. బూట్, హోమ్, ఈటీసీ లాంటి ఫోల్డర్లు ఎక్కడ కనిపిస్తే అదే ఉబుంటు ఉన్నచోటు. మాకు అది ఎంఎస్‌డాస్5 దగ్గర, అంటే అయిదో పార్టిషన్‌లో దొరికింది. తర్వాత నాలుగు ఆదేశాలు: సెట్ ప్రిఫిక్స్‌తో ఆ పార్టిషన్‌లోని బూట్/గ్రబ్ ఫోల్డర్ చూపించాలి, సెట్ రూట్‌తో ఆ పార్టిషన్ చెప్పాలి, ఇన్‌స్‌మాడ్ నార్మల్, చివరికి నార్మల్. ఎంటర్ కొట్టగానే రోజూ చూసే ఊదారంగు మెనూ వచ్చింది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఈ దారి గొప్పతనం ఇదే. ఇక్కడ కొట్టేదేదీ డిస్క్ మీద రాయబడదు, మెమరీలోనే ఉంటుంది. తప్పు కొడితే రీస్టార్ట్ చేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నెట్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. మెనూ వచ్చిందంటే మన అంచనా నిజమని తేలినట్టే. అప్పుడు ఉబుంటులోకి వెళ్లి టెర్మినల్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్, తర్వాత అప్‌డేట్-గ్రబ్ నడిపితే కొత్త నంబరు శాశ్వతంగా నమోదవుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ఎంబీఆర్ డిస్క్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్‌కి ఎస్‌డీఏ అని మొత్తం డిస్క్ పేరు ఇవ్వాలి, ఎస్‌డీఏ5 అని పార్టిషన్ పేరు ఇవ్వకూడదు.

మాకు ఇంకో చిన్న అడ్డంకి వచ్చింది. వాడు గతంలో ‘ఇ’ డ్రైవ్ ఉబుంటులో తనంతట తాను తెరుచుకునేలా ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒక లైను రాసుకున్నాడు. లేని డ్రైవ్ కోసం సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లింది. ఆ లైను ముందు హాష్ గుర్తు పెట్టేసరికి సరిపోయింది.

కొత్త లాప్‌టాప్‌లయితే కథ వేరు. వాటిలో మెషిన్‌ని లేపడానికి యూఈఎఫ్ఐ, పార్టిషన్ల పట్టికకి ఎంబీఆర్ బదులు జీపీటీ అనే కొత్త పద్ధతులు ఉంటాయి. ఒక పార్టిషన్ తీసేసినా మిగతావాటి నంబర్లు జరగవు, గ్రబ్ కూడా నంబరుతో కాకుండా యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపుతో వెతుక్కుంటుంది. అక్కడ చిక్కంతా సాధారణంగా బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌ని పొరపాటున చెరిపినప్పుడో, ఉబుంటు పార్టిషన్‌ని ఫార్మాట్ చేసినప్పుడో వస్తుంది. అలాంటి మెషిన్‌లో మొట్టమొదట ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కండి. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటివి ఉంటాయి. "విండోస్ బూట్ మేనేజర్" కనిపిస్తే విండోస్ అక్కడి నుంచే వచ్చేయొచ్చు, అదీ ఏమీ రాయకుండా. బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. పార్టిషన్ల మీద చేయి వేసే ముందే అది కాగితం మీద రాసి పెట్టుకోండి. ఉండాల్సిన పార్టిషనే పట్టికలోంచి మాయమైతే మాత్రం ఈ నాలుగూ పనికిరావు, పోయిన పార్టిషన్లని వెతికే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌తో వెతకాలి. అంతవరకూ ఆ డిస్క్ మీద కొత్తగా ఏదీ ఎక్కించకూడదు.

అన్నీ అయ్యాక మావాడు మళ్లీ మొదటికొచ్చాడు. "మరి ఆ ఖాళీ చోటు ఉబుంటుకి ఎలా కలపను మావయ్యా?" ఆ ఖాళీ ఉబుంటుకి ముందు వైపు ఉంది. కలపాలంటే పార్టిషన్లని మార్చే జీపార్టెడ్ ప్రోగ్రామ్‌లో ఉబుంటు పార్టిషన్ మొదలునే ఎడమకి జరపాలి, అంటే లోపలి డేటా అంతా కదలాలి. గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే అప్పుడు నిజంగానే పైరు పోతుంది. వాడి లాప్‌టాప్ బ్యాటరీ అరగంట కూడా ఆగదు, ఈదురుగాలికే కరెంటు తీసేసే ఊళ్లు మావి. అందుకని జరపొద్దన్నాను. ఆ ఖాళీలో లినక్స్ వాడే ఎక్స్‌టీ4 రకంలో కొత్త పార్టిషన్ చేసి, ప్రాజెక్టు ఫైళ్లకి దాన్నే వాడుకోమన్నాను. అది చేశాక, నంబర్లు మళ్లీ మారాయేమోనని, రీస్టార్ట్ చేయకముందే గ్రబ్-ఇన్‌స్టాల్ ఇంకోసారి నడిపించాను. ఆదివారం మధ్యాహ్నం పంటుకి వాడు తిరిగి వెళ్లేటప్పుడు బావగారి లెక్కల కాపీ ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను.