వెనిలా తీపా, గంధపు మీగడా: మన ఎండకు ఏది మేలు?

ఈ మధ్య ఆఫీసులోనూ చుట్టాల్లోనూ నన్ను తరచూ అడుగుతున్నది ఒకటే: "ఇద్దరం వాడుకునేలా, తియ్యగా, మెత్తగా ఉండే సెంటు ఏది తీసుకోమంటావ్?" అడిగేవాళ్లలో చాలామంది రీల్స్ చూసి, దుబాయ్ కంపెనీ లటాఫా వాళ్ల ఖమ్రా అని ముందే అనుకుని వస్తారు. మంచి సెంటే, కాదనను. కాకపోతే తీపి సెంట్లన్నీ ఒక్క జాతి కాదు. వెనిలా, అలాంటి తియ్యటి వాసనే ఉండే టోంకా గింజ, దాల్చినచెక్క కలిసిన మిఠాయి తీపి ఒకటి. గంధపుచెక్క నుంచి వచ్చే మీగడ నునుపు, దాని అడుగున కాస్త తీపి, ఇది ఇంకొకటి. విజయవాడలోనో గుంటూరులోనో ఉండేవాళ్లు ఈ రెంటిలో ఒకటి తేల్చుకోవాలి.

ఆడా మగా తేడా లేని సెంటు కొత్త ఫ్యాషనేమీ కాదు. పారిస్‌లో గెర్లాన్ అనే సెంట్ల కంపెనీ వాళ్లు 1889లోనే జికీ అనే సెంటు తెచ్చారు. వెనిలాకు ఆ వాసన ఇచ్చే పదార్థం వెనిలిన్, దాన్ని 1874లో ప్రయోగశాలలో తయారుచేశారు, అది జికీలో ఉంది. జికీని ఆడవాళ్లూ వాడారు, మగవాళ్లూ వాడారు. మన పెళ్లిళ్లలోనూ గంధం, పన్నీరు వచ్చిన వాళ్లందరికీ కదా.

ముందు వెనిలా సంగతి. ఈ వరసలో పెద్ద పేరు 2007లో వచ్చిన టామ్ ఫోర్డ్ టొబాకో వెనిల్. పొగాకు ఆకు, మసాలాలు, కోకో, ఎండుఫలాల తీపి అందులో ఉంటాయి. ఖరీదు మాత్రం మామూలు జీతగాడికి అందదు. 2022లో వచ్చిన ఖమ్రా అంతకంటే ఎంతో చవక. ఖర్జూరం, దాల్చినచెక్క, ప్రాలీన్ (గింజపప్పుల పాకం మిఠాయి), వెనిలా కలిసి నిండుగా ఉంటుంది. డబ్బు చూసుకుంటే దాన్ని కొట్టేది కష్టం.

అయితే నా లెక్కలో అసలు తేల్చేది ధర కాదు, మన ఎండ. మేలో బెజవాడ ఎండకు తోడు ఉక్కపోత. ఒంటి వేడికి సెంటు ఒక్కసారిగా లేస్తుంది. మొదట్లో వచ్చే తేలికపాటి వాసనలు నిమిషాల్లో ఎగిరిపోయి, అడుగునున్న తీపి మొత్తం గాల్లోకి వస్తుంది. మిఠాయి సెంట్లలో వాడే ఎథైల్ మాల్టాల్ అనే పదార్థానిది పీచుమిఠాయి వాసన, కొద్దిగా వేసినా గదంతా తెలుస్తుంది. 1992లో వచ్చిన మ్యూగ్లర్ ఏంజెల్ అనే సెంటు ఈ వాసనతోనే ప్రపంచమంతా పాకింది. చలిదేశంలో కోటు కింద అది హాయిగానే ఉంటుంది. మా చెల్లెలు ఓ మధ్యాహ్నం అలాంటిదే కొట్టుకుని గుంటూరు బస్సెక్కితే, పక్కసీటు పెద్దావిడ "ఏంటమ్మా, అరిసెల పాకం పట్టినట్టు వాసనొస్తోంది?" అంది. ఆవిడ మెచ్చుకుంటూనే అంది. కానీ బస్సంతా కిక్కిరిసి, కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే, మంగళగిరి దాటేసరికి ఆ తీపి పక్కవాళ్లకే కాదు, కొట్టుకున్న మనిషికీ బరువైపోతుంది.

గంధం అలా మీదపడదు. అందులోని శాంటలాల్ బరువైన పదార్థం, నెమ్మదిగా లేస్తుంది, ఒంటిని అంటిపెట్టుకుని గంటల తరబడి ఉంటుంది. చెమట పట్టినా పులిసినట్టు అనిపించదు. పైగా మన ముక్కుకు అలవాటైన చల్లదనం అది. అందుకే మార్చి నుంచి అక్టోబరు దాకా నా ఓటు గంధానికే.

ఇంకో చిన్న విషయం, తెల్లబట్టలు కట్టేవాళ్లు తప్పక చూసుకోవాలి. వెనిలిన్ గాలి, వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఖమ్రా సీసాలోని రంగు చూస్తేనే అర్థమవుతుంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా కాలరు మీద దగ్గరనుంచి కొడితే పసుపచ్చ చుక్కలు పడతాయి, అవి ఉతికినా ఓ పట్టాన వదలవు. మెడ వెనక, మోచేతి మడతలో కొట్టుకోవడం మేలు.

ఇక ఎవరికి ఏది నప్పుతుంది? మిర్చి యార్డులో వ్యాపారం చేసే మా బావ పెళ్లికి వస్తే గుమ్మం దగ్గరనుంచే పలకరింపులు మొదలు. ఆయన గొంతుకు, నవ్వుకు ఖమ్రా అచ్చంగా సరిపోయింది. ఇంకెవరైనా వేసుకుంటే సెంటే ముందు నడిచేది. గంధపు మీగడ వేరే మనుషులది. తక్కువ మాట్లాడి ఎక్కువ వినేవాళ్లు, తొందరలేని వాళ్లు, నలుగురిలో కంటే ఒకరితో కూర్చుంటే తెరుచుకునేవాళ్లు. బ్రాడీపేటలో పాఠాలు చెప్పే మా అక్క అలాంటి మనిషి. నోటుబుక్కు దిద్దడానికి వంగితేనే పక్కనున్న పిల్లకు ఆవిడ సెంటు తెలుస్తుంది, వెనక బెంచీకి తెలియదు. నాకు ఈ గుణమే ఇష్టం. మగవాళ్లకు ఇది మెతకగా ఉంటుందేమో అని అడుగుతారు. ఉండదు, గంధంలో చెక్క బిగువు ఉంది, తీపిని అదుపులో పెడుతుంది.

గంధంలో ఏది కొనాలంటే, డబ్బు పెట్టగలిగితే డిప్టిక్ టామ్ డావ్. 2003 నాటిది. మొదట సైప్రస్ చెట్టు, దేవదారు పొడితనం, ఆపైన నునుపైన గంధం. లె లాబో సాంటాల్ 33 పేరు గొప్పదే గానీ అందులో తోలు వాసన ఎక్కువ, కొందరి ముక్కుకు సోయికూర వాసనా తగులుతుంది. మీగడ కోసం వెతికేవాళ్లకు అది చెప్పను. తక్కువలో కావాలంటే గంధపు అత్తరు. ఆల్కహాలు ఉండదు, ఒక్క చుక్క చాలు. అసలు గంధపు నూనె చాలా ఖరీదు కాబట్టి వందా రెండొందలకు ఇచ్చేది లిక్విడ్ పారాఫిన్ అనే వాసనలేని నూనెలో కలిపిన గంధంలాంటి వాసనే అనుకోండి. అలాంటిది కూడా బాగుండొచ్చు, అసలు ధర మాత్రం పెట్టకండి.

కొబ్బరిపాల సెంట్లు సముద్రపు ఒడ్డుకు బాగుంటాయి, ఆఫీసుకు కాదు. సముద్రం, నిమ్మ వాసనల నీలం సీసాలు తీపి అడిగేవాళ్లకు అసలు పనికిరావు.

ఏది నచ్చినా బీసెంట్ రోడ్డులోనో మాల్‌లోనో ఏసీలో వాసన చూసి అక్కడికక్కడే బిల్లు వేయించకండి. మణికట్టు మీద కొట్టించుకుని బయటికి రండి. ఎండలో కాసేపు నడిచి, టీ తాగి, చెమట పట్టాక మళ్లీ వాసన చూడండి. అప్పటికీ దగ్గరికి తీసుకోవాలనిపిస్తే వెనక్కి వెళ్లి కొనండి. ఇద్దరిలో ఒకరు వెనిలానే కావాలని పట్టుబడితే గంధం పెద్ద సీసా, వెనిలా చిన్న సీసా తెచ్చుకోండి. ఆ చిన్నది డిసెంబరు, జనవరి రాత్రి పెళ్లిళ్లకు సరిపోతుంది.