చావుకబురు చెప్పడం నేర్పాలంటే: క్లాసా, సీనియర్‌తో డ్యూటీయా, రోల్‌ప్లేనా?

అంబులెన్సులో చేరే కుర్రాళ్లకి సీపీఆర్ బొమ్మ మీద నేర్పుతారు. మరి మనిషి దక్కకపోతే గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్యకి ఏం చెప్పాలో ఎలా నేర్పాలి? విశాఖ లాంటి ఊరికైతే నేను రోల్‌ప్లేనే ముందు పెడతాను.

క్లాసు చవక. ఒక్కపూటలో హాలు నిండా జనానికి చెప్పేయొచ్చు, సరుకూ ఉంది. చెడువార్త మెట్టుమెట్టుగా చెప్పడానికి 2000లో వచ్చిన ‘స్పైక్స్’ పద్ధతి క్యాన్సర్ డాక్టర్ల కోసం, తలుపేసుకుని చెప్పే వార్తల కోసం. అంబులెన్సు పనికి ‘గ్రీవింగ్’ పద్ధతి దగ్గర: ఇంటివాళ్లని ఒకచోట చేర్చడం, పోయిందెవరో పేరుతో సరిచూసుకోవడం, తర్వాతి పనులు చెప్పడం. మధ్యలో ఒక మెట్టు ఉత్తినే మాట్లాడకుండా ఉండటానికే. అది స్లైడు చూస్తే అబ్బదు.

సీనియర్ వెంట తిరిగితే ధైర్యం వస్తుంది, అలవాట్లూ అంటుకుంటాయి. “పల్స్ కొద్దిగా ఉందమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం” అనడం వాటిలో ఒకటి. మన దగ్గర మరణాన్ని నిర్ధారించాల్సింది డాక్టరు, ఈఎంటీ (అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి) కాదు. పైగా జనం మీద పడతారన్న టెన్షన్. ఆ సందులోంచే అబద్ధం దూరుతుంది. ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా ఆ భార్య మొక్కులు మొక్కుకుంటూ వస్తుంది. క్యాజువాల్టీలో రెండు నిమిషాల్లో లేడంటారు. ఆ కోపమంతా అక్కడి డాక్టరు మీదికి పోతుంది. నిజంగా చెప్పదగ్గ మాట ఉంది: “గుండె ఆగిపోయిందమ్మా. చేయాల్సిందంతా చేస్తున్నాం, స్పందన లేదు. బతికే ఆశ చాలా తక్కువ. డాక్టరు చూసి ఖాయం చేయాలి.”

ఈ మాట నోటికి రావాలంటే రోల్‌ప్లేనే. వన్‌టౌన్‌లో స్ట్రెచర్ తిరగని మెట్ల ఇల్లు అనుకోండి. రిటైరైన నర్సమ్మ భార్య వేషం కడుతుంది: “ఏటి బాబూ, రాత్రి బాగానే తిన్నాడు కదా!” ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు. ఇంకొకడు, “పది నిమిషాలు ముందొస్తే బతికేవాడా?” అంటాడు. కుర్రాడు జగదాంబ జంక్షన్ ట్రాఫిక్ గురించి మొదలెడతాడు. అక్కడే ఆపాలి. గ్లవ్స్ తీసి, ఆవిడ ఎత్తుకి కూర్చుని, “గుండె ఎప్పుడు ఆగిందో మాకు తెలీదమ్మా, అందుకే చెప్పలేను” అని ఊరుకోవడం మళ్లీ చేయించాలి. మొదట్లో నవ్వుతారు, ఫర్వాలేదు. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం బలవంతపెట్టకూడదు.

లోటు ఒకటే, టైము. ఆరుగురికి మించితే చూసేవాళ్లే ఎక్కువవుతారు. అందుకని క్లాసుని పనుల చీటీకి కుదించాలి: ప్రమాదమో అనుమానమో ఉంటే పోలీసులకి చెప్పాలి, పోస్టుమార్టం ఉంటుంది, ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి మహాప్రస్థానం వాహనం ఉచితం, కళ్లు ఇవ్వాలనుకుంటే ఆరు గంటల్లోపు, దుఃఖం తట్టుకోలేకపోతే మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416. సీనియర్‌తో డ్యూటీ ఆ తర్వాతే.

రోల్‌ప్లేలో పైలట్‌నీ, అంటే అంబులెన్సు డ్రైవర్నీ, కూర్చోబెట్టాలి. ఈఎంటీ లోపల చేతులు ఖాళీ లేకుండా ఉన్నప్పుడు బంధువులు పట్టుకుని అడిగేది అతన్నే.