తుర్రం ఖాన్ జాడ వెతుక్కుంటూ కోఠి నుంచి తూప్రాన్ దాకా

"నువ్వేమన్నా పెద్ద తుర్రం ఖాన్‌వా?" అని మా ఇంట్లో రోజుకోసారైనా వినబడుతుంది. ఆ మాట వెనకున్నది 1857లో కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన బేగంబజార్ తుర్రేబాజ్ ఖానే అంటారు. అందుకే నేనూ మా బావా కోఠి బయల్దేరాం.

బస ముందు చెప్తా. దగ్గర్లో ఓ పాత లాడ్జి. దుప్పట్లు శుభ్రం, వేణ్ణీళ్లు మాత్రం ఎనిమిదింటిదాకా అని చెప్పి ఏడున్నరకే కట్టేశారు. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌కి నడిచిపోవచ్చు కాబట్టి సర్దుకున్నాం.

ఒకప్పటి మహిళా కాలేజీ, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోని రెసిడెన్సీ చూడాల్సిందే. నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి (రెసిడెంట్) కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనం మెట్లకి అటొకటి ఇటొకటి రాతి సింహాలు. మా గైడ్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ అరగంట చెప్పి, 1857 తిరుగుబాటుని రెండు ముక్కల్లో ముగించేశాడు. మిగతాది నేనే బావకి చెప్పుకోవాల్సి వచ్చింది. బుల్ధానాలో తెల్లవాళ్ల పటాలం వదిలేసి హైదరాబాద్‌లో తలదాచుకుందామని వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ని నిజాం దివాను సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. అతన్ని విడిపించడానికి జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ సుమారు 500 మందితో వచ్చారు. ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్లలో మకాం పెట్టి కాల్పులు జరిపారు. తెల్లారేసరికి చెదిరిపోయారు. నేను చూడాలనుకున్నది ఆ రెండిళ్లే. ఇప్పుడక్కడ దుకాణాలు, ఆటోలు, హారన్లు. తెల్లదొర మేడకి మరమ్మతులు చేసుకున్నాం, ఆ ఇళ్లకి ఒక పలకైనా లేదు.

కోఠి బస్టాండు దగ్గర ఆ దాడికి గుర్తుగా స్మారక స్తంభం ఉంది. దానికి ఆనించి ఎవరో స్కూటర్ పెట్టారు, హ్యాండిల్‌కి కొత్తిమీర కట్ట వేలాడుతోంది. ఫోటో కోసం పది నిమిషాలు ఆగినా ఓనరు రాలేదు. పక్కనే ఇరానీ చాయ్ బాగుంది.

మర్నాడు జేబీఎస్ (సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్) నుంచి మెదక్ జిల్లా తూప్రాన్. పట్టుబడి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడ్డ ఖాన్ 1859 జనవరి 18న తప్పించుకున్నాడు. తలకి 5000 రూపాయల వెల కట్టారు. ఆరు రోజులకి, 24న, తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని నగరానికి తెచ్చి వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ని అండమాన్ పంపారు. అంత వెల పలికే మనిషికి ఒక పూట అన్నం పెట్టాలన్నా ఎంత గుండె కావాలో, బస్సు కిటికీ దగ్గర కూచుంటే అదే ఆలోచన.

తూప్రాన్‌లో పాన్ డబ్బా ఆయన్ని తుర్రేబాజ్ ఖాన్ గురించి అడిగితే, "ఏ వార్డు?" అన్నాడు.

కొన్ని బస్సులు ఊళ్లోకి రావు, ఎక్కేముందే కండక్టర్‌ని అడగండి. మేం అడగలేదు. ఎండలో హైవే నుంచి నడిచాం.