రొద కోసం ల్యాప్‌టాపా, యూరోర్యాకా, మిక్సరా: ఏది మేలు?

ఫంక్షన్ హాల్లో మైకు కుయ్యిమంటే అందరూ చెవులు మూసుకుంటారు. ఆ కూతనే పట్టి, మెలితిప్పి, వాయిద్యంలా వాడుకోవడానికి కలిపే కేబుళ్ల అల్లికే ఫీడ్‌బ్యాక్ ప్యాచ్. ఇక్కడ ఆ రొదే సంగీతం. హైదరాబాద్‌లో దీన్ని మొదలుపెట్టేవాళ్లకు మూడు దారులున్నాయి: ల్యాప్‌టాప్‌లో వీసీవీ ర్యాక్ (సింథసైజర్ మాడ్యూళ్లను తెరమీద అనుకరించే సాఫ్ట్‌వేర్), అసలు యూరోర్యాక్ మాడ్యూళ్లు (కేబుళ్లతో కలుపుకునే సింథసైజర్ ముక్కలు), లేదా ఒక చిన్న ఆడియో మిక్సర్. మూడింటిలోనూ జరిగేది ఒక్కటే, బయటికొచ్చిన సిగ్నల్‌ను మళ్లీ లోపలికి పంపడం. ఆ చుట్టులో ఆలస్యం ఎంత, సిగ్నల్ ఎక్కడ తల కొట్టుకుని ఆగుతుంది అన్న రెండు విషయాల్లోనే తేడా. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇవే, ప్యానెల్ అందం కాదు.

వీసీవీ ర్యాక్ ఉచిత వెర్షన్ చాలు. నాయిస్ మాడ్యూల్ నుంచి పింక్ నాయిస్‌ను (జోరువాన లాంటి రొద) ర్యాక్‌లోని మిక్సర్ మాడ్యూల్ మొదటి ఇన్‌పుట్‌కు ఇవ్వండి. మిక్సర్ నుంచి వీసీఎఫ్‌కు (వోల్టేజీతో నడిచే ఫిల్టర్), దాని లో-పాస్ అవుట్‌పుట్ (పై స్వరాలను కోసేసేది) నుంచి డిలేకు (శబ్దాన్ని ఆలస్యంగా ఇచ్చేది), అక్కణ్ణుంచి వీసీఏకు (వోల్టేజీతో నడిచే వాల్యూమ్), వీసీఏ నుంచి మళ్లీ మిక్సర్ రెండో ఇన్‌పుట్‌కు కేబుళ్లు వేయండి. వీసీఏ సున్నా దగ్గర మొదలవ్వాలి. మామూలు వీసీఏ గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) 1 దాటదు కాబట్టి చుట్టు తనంతట తాను మోగాలంటే ఫిల్టర్ డ్రైవ్ (సిగ్నల్‌ను గట్టిగా తోసే నాబు), రెజొనెన్స్ (కోసే అంచు దగ్గర స్వరాన్ని ఉబ్బించే నాబు) కూడా పెంచాలి. తర్వాత నాయిస్ కేబుల్ పీకేయండి. ఇంకా మోగుతుంటే అది ఫీడ్‌బ్యాక్. ఆగిపోతే మీరు విన్నది ఫిల్టర్‌లోంచి వచ్చిన నాయిస్ మాత్రమే.

ఇక్కడే చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ర్యాక్‌లో ప్రతి కేబుల్ ఒక శాంపిల్ (కంప్యూటర్ శబ్దాన్ని కోసుకునే అతిచిన్న ముక్క) ఆలస్యం కలుపుతుంది. పై చుట్టులో డిలే తీసేసి, దాని చోట ఇంకే మాడ్యూల్ పెట్టినా చుట్టులో నాలుగు కేబుళ్లున్నాయంటే 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర నాలుగు శాంపిళ్లు, అంటే సుమారు 83 మైక్రోసెకన్లు. ఆ ఆలస్యం ఒక్కటే లెక్కేస్తే మోగే స్థానం 12,000 హెర్ట్జ్. అదే ప్యాచ్ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో 44.1 కిలోహెర్ట్జ్‌లో తెరిస్తే 11,025కు దిగుతుంది. “నిన్నటి శబ్దం ఇవాళ రావట్లేదు” అనే ఫిర్యాదుకు ఇదో కారణం. ఇంజిన్ మెనూలో శాంపిల్ రేటును ఆటోలో వదలకుండా ఒక అంకెకు కట్టేయండి. ఇంకో చిక్కు, చుట్టులో సాచురేషన్ (సిగ్నల్ పెరిగేకొద్దీ మెత్తగా అణచడం) లేకపోతే లోపలి వోల్టేజీ వందలు దాటిపోయినా ఆపేవాడుండడు. చివర ఆడియో మాడ్యూల్ దాన్ని గొడ్డలితో కొట్టినట్టు నరికి ఇస్తుంది. స్కోప్ (సిగ్నల్‌ను గీతగా చూపేది) పెట్టి చూస్తూ ఉండండి.

యూరోర్యాక్‌లో కేబుల్‌కో శాంపిల్ అనే గొడవ లేదు. ఆప్-ఆంప్‌లకు (సిగ్నల్‌ను పెంచే చిప్‌లు) ప్లస్, మైనస్ 12 వోల్టులే సరఫరా కాబట్టి సిగ్నల్ 10.5 నుంచి 11 వోల్టుల దగ్గర తనంతట తానే అణిగిపోతుంది. చెవికి ఇంపైన గరగర అక్కడే పుడుతుంది. కానీ డీసీ-కపుల్డ్ మిక్సర్‌తో (కదలని వోల్టేజీని, అంటే డీసీని కూడా దాటనిచ్చేది) పాజిటివ్ చుట్టు (సిగ్నల్‌ను తిరగేయకుండా వెనక్కి పంపేది) వేస్తే ఒక్కోసారి పూర్తి నిశ్శబ్దం. మాడ్యూల్ కాలిపోయిందనుకుంటారు. స్కోప్‌లో చూస్తే పైన 11 వోల్టుల దగ్గర ఒక గీత అతుక్కుని ఉంటుంది. చుట్టులో 1 మైక్రోఫారడ్ నాన్-పోలార్ కెపాసిటర్, భూమికి 100 కిలోఓమ్ రెసిస్టర్ వేస్తే 1.6 హెర్ట్జ్ కింద కట్టవుతుంది, చుట్టు మళ్లీ ఊపిరి పీల్చుకుంటుంది.

మరి డబ్బు? కేసు, పవర్, నాయిస్, ఫిల్టర్, రెండు వీసీఏలు, మిక్సర్, డిలే: విదేశం నుంచి తెప్పిస్తే సుంకాలతో కలిపి లక్ష దాటడం మామూలే. దాన్ని సమర్థించే కారణం ఒక్కటే, ఫీడ్‌బ్యాక్ మోతాదును వోల్టేజీతో నడపగలగడం. చుట్టు శబ్దాన్ని ఎన్వలప్ ఫాలోయర్‌కు (శబ్దం ఎంత బిగ్గరగా ఉందో వోల్టేజీగా చెప్పేది) ఇచ్చి, తిరగేసి, అదే వీసీఏకు పెడితే అది పెరిగి, తనను తాను తగ్గించుకుని, మళ్లీ పెరుగుతుంది. ఆ ఆట ర్యాక్ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరుకుతుంది గాని చేతి కింద నాబులతో వచ్చే తృప్తి వేరు. మాడ్యూల్‌కు పవర్ ఇచ్చే రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత మైనస్ 12 వైపే ఉండాలి, తిరగేస్తే పొగే.

ఎండాకాలం మరో పరీక్ష. ఆసిలేటర్‌లో (స్వరం పుట్టించే మాడ్యూల్) వోల్టేజీని స్వరంగా మార్చే ఎక్స్‌పోనెన్షియల్ భాగం డిగ్రీకి సుమారు 0.33 శాతం జారుతుంది. మంచి మాడ్యూళ్లలో దీనికి విరుగుడు ఉంటుంది, చవక కిట్లలో అది వదిలేస్తారు. ఏసీ వేసి ఆపేసరికి మీరు పట్టుకున్న అంచు జారిపోవచ్చు.

ఫీడ్‌బ్యాక్ వరకే చూస్తే మా ఓటు మిక్సర్‌కే. జపాన్‌కు చెందిన తోషిమారు నకమురా ఏళ్ల తరబడి ఇన్‌పుట్ లేని మిక్సర్‌తోనే కచేరీలు చేస్తున్నారు. కోఠీ గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు ఆక్స్ సెండ్ (ఛానెల్ సిగ్నల్‌ను విడిగా బయటికి పంపే దారి), ప్రతి ఛానెల్‌కు మూడు ఈక్యూ నాబులు (లో, మిడ్, హై) ఉన్నాయో లేదో చూడండి. ఆక్స్ సెండ్ నుంచి మొదటి ఛానెల్ లైన్-ఇన్‌కు కేబుల్. మెయిన్ ఫేడర్ కిందికి, ఫాంటమ్ పవర్ (మైకుకు మిక్సర్ పంపే కరెంటు) ఆఫ్, హెడ్‌ఫోన్లు పక్కన పెట్టండి. ఆ ఛానెల్ ఆక్స్ నాబును మెల్లగా పెంచితే ఒకచోట చుట్టు పట్టుకుని మోగుతుంది. లో పెంచితే ఆటో ఇంజిన్‌లా డగడగ, హై పెంచితే సూదిలాంటి కూత, రెండూ అంచున పెట్టి గెయిన్ కదిపితే చిటపట. ఆక్స్ పోస్ట్-ఫేడర్ (ఫేడర్ దాటాక సిగ్నల్ తీసుకునేది) అయితే ఛానెల్ ఫేడర్ దించగానే చుట్టు తెగుతుంది, దాన్నే వాయించుకోవచ్చు. మిక్సర్ లోపల కెపాసిటర్లు ఉండటంతో డీసీకి అతుక్కునే బాధ దాదాపు ఉండదు. లోటల్లా ఒకటే: నిన్నటి శబ్దాన్ని సేవ్ చేసుకోలేరు. నాబుల ఫోటో తీసినా అచ్చం అదే రాదు.

ల్యాప్‌టాప్ రికార్డింగ్‌లో 50 హెర్ట్జ్ గుమ్మనే హమ్ వస్తే ఛార్జర్ పీకి చూడండి, చుట్టు దాన్నీ నమిలేస్తుంది. యూరోర్యాక్ నుంచి నేరుగా రికార్డ్ చేస్తే సిగ్నల్ సుమారు 10 వోల్టులు పీక్-టు-పీక్ (పై అంచు నుంచి కింది అంచు దాకా). 10 కిలోఓమ్ రెసిస్టర్ వరసలో, 1 కిలోఓమ్ రెసిస్టర్ భూమికి వేస్తే 21 డెసిబెల్ దాకా తగ్గుతుంది.

మిక్సర్‌కు నాయిస్ మూలం కావాలంటే బీసీ547 ట్రాన్సిస్టర్ చాలు. బేస్ భూమికి, కలెక్టర్ ఖాళీ, ఎమిటర్‌కు 100 కిలోఓమ్ ద్వారా ప్లస్, ఎమిటర్ నుంచి 0.1 మైక్రోఫారడ్ ద్వారా మిక్సర్‌కు. ఒక్క 9 వోల్టుల బ్యాటరీతో చేస్తే కొన్ని ట్రాన్సిస్టర్లు నోరు విప్పవు, ఎందుకంటే ఆ బేస్-ఎమిటర్ జంక్షన్ విరిగి రొద మొదలుపెట్టే వోల్టేజీ దాదాపు అక్కడే ఉంటుంది. రెండు బ్యాటరీలు వరసగా పెట్టి 18 ఇవ్వండి. పది కొని ఒక్కొక్కటే మార్చి చూడండి, అన్నీ ఒకే గొంతుతో రొదచేయవు.