ట్యునీషియాలో బీచ్ కంటే లోపలి ఊళ్ళే నచ్చాయి

ట్యునీషియా అనగానే ఏజెన్సీలవాళ్ళు ఇచ్చే ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. ట్యునిస్‌లో రెండు రాత్రులు, సిది బూ సయీద్‌లో నీలం తలుపుల ముందు ఫొటోలు, మిగతా రోజులన్నీ సూస్ బీచ్ రిసార్టులో. సెప్టెంబరు ఆఖర్లో దోహా మీదుగా వెళ్ళిన నేనూ అక్కా సూస్‌లో ఒక్క రాత్రే ఉండి, మిగిలిన రోజులు లోపలి ఊళ్ళకు పెట్టుకున్నాం. మొత్తం ఎనిమిది రోజులు. మళ్ళీ వెళ్ళినా ఇలాగే వెళ్తాను.

ఉత్తర ఆఫ్రికాలోని ఈ దేశం మన ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది, సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం కోటీ ఇరవై లక్షలే. ఉత్తరాన వానలు పడే అడవి కొండలు, మధ్యలో కనుచూపు మేర ఆలివ్ తోటలు, దక్షిణాన సహారా. ఒక్కసారి కూడా విమానం ఎక్కకుండా ఇవన్నీ చూసేయొచ్చు.

ట్యునిస్ ఎయిర్‌పోర్టులో మొదటి టాక్సీ అతను మీటర్ వేయనని మామూలు రేటుకు నాలుగింతలు అడిగాడు. అలాంటప్పుడు గొడవ పెట్టుకోకుండా పక్క టాక్సీ చూసుకోవడమే మేలు. మేము అదే చేశాం, రెండో అతను మీటర్ మీదే తీసుకెళ్ళాడు.

బస మదీనాలో, అంటే పాత నగరంలో. అక్కడి పాత ఇళ్ళను 'దార్' అంటారు. చాలావాటిని బాగుచేసి గదులు అద్దెకిస్తున్నారు. గుమ్మం దాటి లోపలికి వెళ్తే మన మండువా లోగిలి గుర్తొచ్చింది. నడిమధ్య ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ గదులు, గోడల నిండా పూల పలకలు. రాత్రికి సుమారు 250 దీనార్లు, అంటే ఏడు వేల చిల్లర, ఇద్దరికీ టిఫిన్‌తో కలిపి. ఒకటే ఇబ్బంది, సందుల్లోకి కారు రాదు. బరువైన సూట్‌కేసు తేవద్దు.

కార్తేజ్‌కు టీజీఎం అనే లోకల్ రైల్లో వెళ్ళాం. ఆ లైను 1872 నాటిది. క్రీ.పూ. 146లో రోమన్లు తమ శత్రువైన సేనాని హన్నిబాల్ ఊరు, ఈ కార్తేజ్‌నే నేలమట్టం చేశారు కాబట్టి, ఇప్పుడు కనిపించేదంతా ఎక్కువగా ఆ తర్వాత రోమన్లే కట్టుకున్నది. సముద్రం ఒడ్డున ఆంటోనైన్ స్నానశాలల దగ్గర నిలబడితే ఆ నగరం ఎంత పెద్దదో అర్థమవుతుంది. మిగతావి దూరం దూరంగా, ఇళ్ళ మధ్య ఉన్నాయి. వాటన్నిటికీ ఒకే టికెట్, పూట చాలు. ట్యునిస్‌లోని బార్దో మ్యూజియంకు మాత్రం రోజంతా ఇవ్వండి. ఓడ స్తంభానికి కట్టేసి ఉన్న గ్రీకు కథల వీరుడు యులిసెస్ మొజాయిక్ (రాతి ముక్కలతో చేసిన బొమ్మ) ముందు అక్క అరగంట నిలబడిపోయింది. వంగి చూస్తే కందిపప్పు బద్దంత రాళ్ళు, ముఖంలో నీడ కోసం అంతకన్నా చిన్నవి. 2015 మార్చిలో ఉగ్రవాద దాడి జరిగింది ఈ మ్యూజియంలోనే. చనిపోయినవాళ్ళకు అక్కడే స్మారకం ఉంది. మేమూ కాసేపు ఆగాం.

ట్యునిస్ నుంచి బయల్దేరాక దాదాపు అన్ని ప్రయాణాలూ 'లువాజ్'లోనే. ఎనిమిది సీట్ల వ్యాను, నిండితే కదులుతుంది, టైమ్ టేబుల్ ఏమీ ఉండదు. స్టాండులో అడుగుపెట్టగానే "కైరవాన్! కైరవాన్!" అని అరుపులు. మన బస్టాండ్ బయట షేర్ ఆటోల దగ్గర ఎలా ఉంటుందో అలాగే. ఊళ్ళ మధ్య తిరిగేవాటికి ఎర్ర చార ఉంటుంది, అది చూసి ఎక్కాలి. రేటు అందరికీ ఒకటే, విదేశీయులని ఎక్కడా ఎక్కువ అడగలేదు. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన సర్వీసు ఇదే.

క్రీ.శ. 670లో ఉక్బా ఇబ్న్ నాఫీ స్థాపించిన కైరవాన్‌లో చాలామంది రెండు గంటలుండి వెళ్ళిపోతారు. అలా చేయకండి, ఒక రాత్రి ఉండండి. పెద్ద మసీదు ప్రార్థన మందిరంలోకి ముస్లిమేతరులను రానివ్వరు కానీ, ముంగిట్లోకి వెళ్ళొచ్చు. లోపలి స్తంభాల్లో చాలావరకు రోమన్ శిథిలాల నుంచి తెచ్చినవి. తలుపు దగ్గర నుంచి చూసినా ఒక్కోటి ఒక్కో రకమని తెలుస్తుంది. ముంగిలి మధ్యలోకి వాలుగా ఉంటుంది. వాన నీరంతా అక్కడి చెక్కుడు రాతి గుంటలో చేరి, మట్టి మెట్టుమెట్టుగా ఆగిపోయి, కింది తొట్టిలోకి దిగుతుంది. తోడుకునే బావి ఒరలు పాత పాలరాతి స్తంభాల దిమ్మలు. వాటి అంచున తాడు ఒరిసి ఒరిసి వేలు పట్టేంత గాళ్ళు పడ్డాయి. అక్క వేలు పెట్టి చూసి, "మన అమ్మమ్మ వాళ్ళ బావి కూడా ఇంతేనే" అంది. ఎండిన మైదానంలో ఊరు నిలబడింది ఇలా ప్రతి చుక్కా పట్టుకునే. బయట అంగళ్ళలో ఖర్జూరం పెట్టి చేసే గోధుమరవ్వ మిఠాయి మక్రూద్ వేడివేడిగా దొరుకుతుంది.

తర్వాతి లువాజ్‌లో సిది బూజిద్ కుర్రాడొకడు పక్కన కూర్చున్నాడు. 2010 డిసెంబరు 17న బండి మీద కూరగాయలు, పళ్ళు అమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ నిప్పంటించుకున్నది ఆ ఊళ్ళోనే. దాంతో నిరసనలు దేశమంతా పాకి, నెల తిరక్కుండా, జనవరి 14న, ఇరవై మూడేళ్ళు ఏలిన అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. "రోడ్లు, హోటళ్ళు, ఉద్యోగాలు అన్నీ సముద్రం పక్కనే. మా దగ్గరికి ఎవరూ రారు" అన్నాడు ఆ అబ్బాయి. ఆ మాట విన్నాక లోపలి ఊళ్ళలో ఖర్చుపెట్టిన ప్రతి దీనారూ సరైన చోటికే వెళ్ళిందనిపించింది.

సూస్ రిసార్టులో ఏసీ పనిచేయలేదు, గది మార్చడానికి రెండు గంటలు పట్టింది. బఫే రుచి ఏ దేశంలోనైనా ఒకటే. దానికన్నా రైల్లో గంట దూరంలోని ఎల్ జెమ్ ఎంతో నయం. చిన్న ఊరి మధ్యలో హఠాత్తుగా మూడో శతాబ్దపు రోమన్ ఆంఫీథియేటర్, దాదాపు 35 వేల మంది పట్టేది. ఇంత పెద్దది కట్టే డబ్బు ఆలివ్ నూనె వ్యాపారం నుంచే వచ్చింది. నేలమాళిగలోకి దిగి, పోరాటాల కోసం జంతువులను ఉంచిన గదులు తప్పకుండా చూడండి.

ఆఖరి మజిలీ స్ఫాక్స్, గాబెస్ మీదుగా మత్మాతా. ఇక్కడి మూలవాసులైన అమాజిగ్ (బెర్బర్) ప్రజలు నేలను పెద్ద గుండ్రటి గొయ్యిగా తవ్వి, దాని గోడల్లోకి గదులు తొలిచారు. లోపలికి సొరంగంలాంటి దారి. అలాంటి ఇంట్లోనే పడుకున్నాం. బయట ఎండ మండిపోతున్నా లోపల ఫ్యాన్ అక్కర్లేదు. మంచాలు మామూలువే, బాత్రూమ్ ముంగిలికి అవతల ఉంది, పెద్దవాళ్ళకు కొంచెం కష్టం. ఇంటావిడ రొట్టె, ఆలివ్ నూనె, తేనె పెట్టి, మేం తినేదాకా లేవలేదు. "యాయిషెక్" అంటే అక్కడివాళ్ళ ధన్యవాదం. అక్క ఆ ఒక్క మాటతోనే యాత్రంతా నెగ్గుకొచ్చింది.

శాకాహారులు "బ్లా లహమ్", అంటే మాంసం లేకుండా, అని ముందే చెప్పాలి. గోధుమరవ్వతో చేసే కుస్‌కుస్ కూరగాయలదే అన్నా కొన్నిచోట్ల మాంసం పులుసుతోనే వండుతారు. శనగల పులుసు లబ్లాబీ మాకు బాగా పడింది, ట్యూనా, గుడ్డు వద్దంటే సరి. దారి పక్కన నాగజెముడు పళ్ళు అమ్ముతుంటారు, వాటి పేరే 'హిందీ'. మేం భారతీయులమని తెలిసి, అమ్మే ఆయన చెరొకటి ముళ్ళు తీసి, ఒలిచి చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

ఇంకో సంగతి, దీనార్లు దేశం బయటికి తీసుకెళ్ళకూడదు. మిగిలినవాటితో అక్క నాలుగు డబ్బాల హరిస్సా కొంది. ఎండుమిర్చి, వెల్లుల్లి, ధనియాలు, ఆలివ్ నూనె కలిపి నూరిన కారం అది. ఇంటికొచ్చాక రోజూ దోసెలోకి వేసుకుంటోంది, మూడో డబ్బా కూడా అడుగంటింది.